ఓపిక పట్టమని ఎవరు ఎవరికి చెప్పాలి?

మన బడుల గోడల మీద రాసే సూక్తుల్లో ఓపిక గురించి ఒకటైనా ఉంటుంది. నిదానమే ప్రధానమని ఒక గోడ మీద, ఓర్పు ఉన్నవాడిదే గెలుపని ఇంకో గోడ మీద. పిల్లలు వాటిని చూసి రాస్తారు, మేము దిద్దుతాం. అయితే వింజమూరు, ఉదయగిరి, ఆత్మకూరు చుట్టుపక్కల మన కాలనీల్లో ఓపిక అనే మాటకు ఇంకో వాడుక ఉంది. పొద్దంతా ఎండలో జామాయిల్ కర్ర కొట్టి వచ్చిన మనిషి గుడిసె ముందు కూలబడి, "ఇంక ఓపిక లేదు మే" అంటాడు పెళ్ళాంతో. అతను చెప్పేది సహనం గురించి కాదు, ఒంట్లో సత్తువ గురించి. జ్వరం తగ్గిన పిల్లను "కాస్త ఓపికొచ్చిందా అమ్మా?" అని అడిగేటప్పుడు కూడా మనం సత్తువ గురించే అడుగుతాం.

సత్తువకూ సహనానికీ మన భాష ఒకే మాట పెట్టింది. ఇది ఊరికే జరిగింది కాదని మేము అనుకుంటాం. ఒంట్లో సత్తువ లేనివాడు ఎక్కువ కాలం దేనికోసమూ ఎదురు చూడలేడు. ఇవాళ కూడు లేనివాడికి పదేళ్ళ తర్వాత వచ్చే ఉద్యోగం గురించి చెబితే అది అతని చెవికెక్కదు. అది అతని బుద్ధిలో లోపం కాదు. ఓపిక పట్టమని చెప్పేవాళ్ళు, ఎదుటివాడిలో ఆ ఓపిక మిగిలి ఉందో లేదో ముందు చూడాలి. మిగల్లేదంటే అది ఎక్కడ ఖర్చయిందో అడగాలి.

ఈ వ్యాసంలో మేము ఎత్తుకున్న ప్రశ్న ఇదే. దూరపు గమ్యానికి నడిచేవాళ్ళకు ఓపిక, పట్టుదల కావాలని అందరూ ఒప్పుకుంటారు. కానీ గిరిజనులకు ఆ మాట చెప్పినప్పుడల్లా అది మంచి సలహాయేనా? లేక నోరు మూసుకోమనడానికి మర్యాద మాటా? ఈ రెంటినీ వేరు చేసి చూడడం తెలియకపోతే మన పిల్లలు రెండు విధాలా నష్టపోతారు. పట్టాల్సిన చోట ఓపిక పట్టరు, పట్టకూడని చోట పట్టి కూర్చుంటారు.

మొదట మన పెద్దల పని నుంచే ఒక ఉదాహరణ తీసుకుందాం. వరి కోతలయ్యాక మడి గట్ల మీద యానాదులు ఎలుకలు పట్టడం మన జిల్లాలో అందరూ చూసిందే. చూసి నవ్వినవాళ్ళే ఎక్కువ. ఆ పనిలో ఎంత ఆలోచన ఉందో చూసినవాళ్ళు తక్కువ. ముందు గట్టు పొడవునా నడిచి ఎక్కడ కొత్త మట్టి పడిందో చూస్తారు. ఒక బొక్క కనబడగానే తవ్వరు. దానికి ఇంకా ఎన్ని దారులున్నాయో వెతుకుతారు. తప్పించుకునే దారులన్నీ మూసిన తర్వాతే పొగకుండలో గడ్డి వేసి, నిప్పు పెట్టి, చిన్న రంధ్రం గుండా లోపలికి ఊదుతారు. కళ్ళు మండినా ఊదుతూనే ఉంటారు. ఆ తర్వాత తవ్వితే ఎలుకా దొరుకుతుంది, అది దాచుకున్న వడ్లూ దొరుకుతాయి. ఒక్కోసారి పూటంతా పడుతుంది. ఎలుక ఎప్పుడు బయటికొస్తుందా అని బొక్క ముందు కూర్చుని చూసేవాడిని మనవాళ్ళు పనిమంతుడు అనరు.

ఓపిక అంటే ఏమిటో దీనికన్నా బాగా చెప్పే పాఠం మాకు దొరకలేదు. ఇందులో ఎదురుచూపు ఉంది కానీ అది ఖాళీగా కూర్చున్న ఎదురుచూపు కాదు. చేతులు పని చేస్తూనే ఉన్నాయి. ఎన్ని దారులున్నాయో లెక్క ఉంది. ముందు ఏది, తర్వాత ఏది అనే వరుస ఉంది. తొందరపడి ముందే తవ్వితే ఎలుక పక్క బొక్కలోంచి పోతుందని తెలుసు కాబట్టి ఆగారు. దీన్ని పట్టుదలతో కూడిన ఓపిక అందాం. రెండోది ఓర్చుకోవడం. దెబ్బ తగిలినా, కూలి ఎగ్గొట్టినా, అర్జీ ఏళ్ళ తరబడి బల్ల కింద పడి ఉన్నా, మన రాత ఇంతే అనుకుని ఊరుకోవడం. బయటి నుంచి చూస్తే రెండూ ఒకేలా కనబడతాయి. రెండింటిలోనూ మనిషి మాట్లాడకుండానే ఉంటాడు. అందుకే యానాదులు చాలా ఓర్పుగలవాళ్ళు, నెమ్మదస్తులు అని మనల్ని మెచ్చుకునేవాళ్ళ మాటను మేము జాగ్రత్తగా వింటాం. ఆ మెప్పు వల్ల ఎవరికి లాభమో చూసుకుంటాం.

ఓర్చుకోవడం వల్లే మంచి రోజులు వచ్చి ఉంటే మనకు ఎప్పుడో వచ్చి ఉండాల్సింది. 1871లో ఇంగ్లీషు ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టం తెచ్చింది. 1911 చట్టంతో అది మద్రాసు రాజధానికీ వచ్చింది. నేరం చేసినా చేయకపోయినా, ఫలానా కులంలో పుడితే చాలు, పేరు పోలీసు రిజిస్టరుకెక్కేది. అలా పేరెక్కినవాళ్ళు వేళకు హాజరు వేయించుకోవాలి, చెప్పకుండా ఊరు దాటకూడదు. మన జిల్లాలో కావలి వైపు కప్పరాళ్ళతిప్పలో సెటిల్‌మెంటు పెట్టి ఎరుకల కుటుంబాలను అందులో ఉంచారు. యానాదుల్లో కొన్ని సమూహాల మీద కూడా ఆ ముద్ర పడింది. మద్రాసు రాష్ట్రంలో ఆ చట్టం 1947లో రద్దయింది. దేశమంతటా రద్దయింది 1952 ఆగస్టు 31న. మొదటి చట్టం నుంచి లెక్కేస్తే 81 ఏళ్ళు. మూడు తరాలు.

ఆ మూడు తరాలూ మనవాళ్ళు ఓర్చుకున్నారు కాబట్టి చట్టం పోయిందా? కాదు. దాన్ని పోగొట్టాలని పట్టుబట్టి తిరిగినవాళ్ళు ఉండబట్టి పోయింది. నెల్లూరు న్యాయవాది, స్వాతంత్ర్య సమరయోధుడు వెన్నెలకంటి రాఘవయ్య గారు వాళ్ళలో ఒకరు. ఆయన గిరిజనుడు కాడు. అయినా యానాదుల సంఘాలు కట్టడానికి, ఈ చట్టానికి వ్యతిరేకంగా రాయడానికి, తిరగడానికి దశాబ్దాలు ఖర్చు పెట్టారు. చట్టం రద్దయ్యాక కూడా పని ఆపలేదు. 1962లో యానాదుల మీద ఇంగ్లీషులో ఒక పుస్తకం తెచ్చారు. 1973లో ఆయనకు పద్మభూషణ్ వచ్చింది. ఆయన యానాదులకు ఓపిక పట్టమని చెప్పి ఇంట్లో కూర్చోలేదు. తన ఓపికను కూడా అందులో పెట్టారు. ఓపిక పట్టమని చెప్పే హక్కు ఎవరికి వస్తుందో ఇక్కడ మనకు ఒక ఆనవాలు దొరుకుతోంది.

ఇంకా దగ్గరి ఉదాహరణ కావాలంటే మన పక్క మండలానికే పోదాం. కలిగిరి మండలం దూబగుంట. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరదీపం కార్యక్రమం కింద రాత్రి బడులు నడిచాయి. పగలు కూలికి పోయి, రాత్రి లాంతరు ముందు కూర్చుని ఆడవాళ్ళు అక్షరాలు దిద్దారు. ఆ వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉండేది. తాగుడు వల్ల చితికిన సంసారం కథ అది. దూబగుంట ఆడవాళ్ళు దాన్ని చదివి పక్కన పెట్టలేదు, మన ఇంట్లో జరిగేది కూడా ఇదే కదా అని మాట్లాడుకున్నారు. సారా అప్పట్లో ప్యాకెట్లలో ఊరూరికీ వచ్చేది. కూలి డబ్బులు ఇంటికి రాకముందే అంగట్లో ఆగిపోయేవి. ఆ ఆడవాళ్ళు చీపుళ్ళు పట్టుకుని తమ ఊళ్ళో సారా అంగడిని మూయించారు. ముందు నిలబడిన రోశమ్మ గారిని దూబగుంట రోశమ్మ అని రాష్ట్రమంతా పిలిచింది. ఆ ఊరి సంగతే తర్వాతి వాచకంలో "ఆడవాళ్ళు ఏకమైతే" అనే పాఠమై మిగతా ఊళ్ళకు చేరింది.

1992లో జిల్లాలో సారా వేలం పాటలు మళ్ళీ మళ్ళీ వాయిదా పడ్డాయి. వేలం పెట్టిన ప్రతిసారీ ఆడవాళ్ళు వచ్చి అడ్డం నిలబడ్డారు. కూలి పోగొట్టుకుని వచ్చారు, చంటిబిడ్డలను ఎత్తుకుని వచ్చారు. ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది.

ఇక్కడ కథ ఆపేస్తే సభల్లో చెప్పుకోవడానికి బాగుంటుంది. కానీ 1997లో మద్య నిషేధాన్ని ప్రభుత్వమే ఎత్తేసింది. అయితే ఆ ఆడవాళ్ళు పడిన శ్రమంతా వృథాయేనా? ఈ ప్రశ్నకు తొందరగా జవాబు చెప్పకూడదు. పోయింది పోయినట్టే లెక్క. మందు షాపులు మళ్ళీ వచ్చాయి, మన కాలనీల్లో దాని దెబ్బ ఇవాళ కూడా కనబడుతోంది. కానీ సంతకం నేర్చుకున్న చెయ్యి దాన్ని మరిచిపోలేదు. కలెక్టరు ముందు నిలబడి మాట్లాడిన మనిషికి ఆ తర్వాత వీధి మేస్త్రీ అంటే అంత భయం ఉండదు. దూరపు గమ్యం అంటే ఒకసారి చేరి కూర్చునే ఊరు కాదని మాకు అర్థమైంది. చేరాక కాపలా కాయాలి. చెరువు కట్ట వేసినవాళ్ళు ప్రతి ఏడూ వానలకు ముందు దాని మీద నడిచి గండ్లు చూసుకుంటారు కదా, అలాగే.

ఇప్పుడు ఇంకో సంగతి. పులికాట్ సరస్సు పక్కన శ్రీహరికోట దీవి ఉంది. నిన్నమొన్నటి దాకా మన నెల్లూరు జిల్లాలోనే ఉండేది, 2022 జిల్లాల విభజనలో తిరుపతి జిల్లాలోకి పోయింది. ఆ దీవి అడవిలో తరతరాలుగా యానాదులు బతికారు. రాకెట్ కేంద్రం కోసం వాళ్ళు తమ తావులు వదిలి కదలాల్సి వచ్చింది. 1971 అక్టోబరు 9న అక్కడి నుంచి మొదటి చిన్న రాకెట్ ఎగిరింది. 1979 ఆగస్టు 10న ఎస్ఎల్‌వీ-3 అనే పెద్ద రాకెట్‌ను ఎగరేశారు. అది దారి తప్పి సముద్రంలో పడిపోయింది. ఆ ప్రాజెక్టుకు పెద్ద అబ్దుల్ కలాం గారు. ఆ రోజు విలేకరుల ముందుకు వచ్చి బాధ్యత తన మీద వేసుకున్నది మాత్రం సంస్థ అధిపతి సతీష్ ధావన్ గారు. ఏడాది తిరగకుండానే, 1980 జూలై 18న, అదే రకం రాకెట్ రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. ఆ రోజు మాట్లాడమని కలాం గారిని ముందుకు పంపారు. ఈ సంగతి కలాం గారే తర్వాత ఎన్నోసార్లు చెప్పారు.

దీన్ని పట్టుదలకు ఉదాహరణగా బడుల్లో చెబుతాం, చెప్పాల్సిందే. కానీ మేము ఇందులో ఇంకొకటి కూడా చూస్తాం. పడిపోయిన రాకెట్‌కు దేశం రెండో అవకాశం ఇచ్చింది. ఎక్కడ తప్పు జరిగిందో కూర్చుని వెతకడానికి సమయం ఇచ్చింది, డబ్బు ఇచ్చింది, నీవల్ల కాదు పొమ్మనలేదు. మరి మన కాలనీలో పదో తరగతి లెక్కల్లో తప్పిన ఆడపిల్లకు ఏం దొరుకుతుంది? ఫలితాలొచ్చిన వారంలోనే చేతికి పార వస్తుంది, లేదా మెడకు తాళి వస్తుంది. "యానాదోళ్ళకు చదువెక్కడ అబ్బుద్ది" అని ఒకరు అనడం, అవునని ఇంకొకరు తలూపడం. ఆ పిల్లకు పట్టుదల లేదని మనం అంటాం. రాకెట్‌కు మాత్రం పట్టుదల ఎక్కడి నుంచి వచ్చింది? వెనక నిలబడినవాళ్ళ నుంచి వచ్చింది. పట్టుదల ఒక్కడి గుండెలో పుట్టే గుణం అని పుస్తకాల్లో రాస్తారు గానీ, మేము చూసినంతలో అది చాలామంది కలిసి ఒకరికి అందించే వస్తువు.

ఇక్కడ మా యువకులు అడిగే ప్రశ్న ఒకటుంది. దాన్ని దాటేసిపోతే ఈ వ్యాసానికి విలువ ఉండదు. "సార్, పది చదివి, ఇంటర్ చదివి, డిగ్రీ చదివి, ఆ తర్వాత కోచింగ్, ఆ తర్వాత నోటిఫికేషన్ కోసం ఎదురుచూపు. నాన్నతో పాటు కర్ర కొట్టడానికి పోతే ఈ శనివారమే చేతికి డబ్బులొస్తాయి. అమ్మకు మందులు కొనాలి. మీరు చెప్పే ఓపికకు అయ్యే ఖర్చు ఎవరిస్తారు?" ఇది సోమరి అడిగే ప్రశ్న కాదు. లెక్క తెలిసినవాడి ప్రశ్న. ఓపికకు ఖర్చవుతుంది. ఉన్నవాళ్ళ ఇంట్లో ఆ ఖర్చు తండ్రి జీతంలోంచి, తాత పొలంలోంచి పోతుంది కాబట్టి కనబడదు. లేనివాళ్ళ ఇంట్లో అది అన్నం కుండలోంచి పోతుంది.

దీనికి మా జవాబు ఇది. ఆ ఖర్చులో కొంత సర్కారు పెట్టాలని మనం గట్టిగా అడగాలి. గురుకులం, హాస్టలు, మధ్యాహ్న భోజనం, స్కాలర్‌షిప్పు దయాదానాలు కావు. పేదవాడి బిడ్డ ఓపిక పట్టడానికి సమాజం కట్టే వాటా అవి. నెల్లూరులో యానాదుల కోసమే ఐటీడీఏ ఉంది. అందులో ఏముందో తెలుసుకోవడం, అడగడం మన పని. కొంత వాటా కాలనీ పెట్టాలి. చదివే పిల్ల ఉన్న ఇంటికి పండగ నాడు చీటీ డబ్బుల్లోంచి నాలుగు నోటుపుస్తకాలు కొనిచ్చినా అది వాటానే. మిగిలింది ఆ పిల్ల పెట్టాలి, తెల్లారుజామున లేచి. ముగ్గురూ పెడితేనే బండి కదులుతుంది. ఒక్కరి మీదే మొత్తం వేసి, కదల్లేదని వాళ్ళనే తిడితే అది అన్యాయం.

మరి ఓర్చుకోకూడని చోటును గుర్తుపట్టడం ఎలా? ఇవి మేము మా పిల్లలకు నేర్పే ప్రశ్నలు. ఎదురుచూస్తున్న కాలంలో ఏదైనా కదులుతోందా? ఓపిక పట్టమన్న మనిషి తను కూడా ఏదైనా పెడుతున్నాడా? దీనికి ఒక తేదీ ఉందా? మొక్క నాటినవాడు నిమ్మ కాయడానికి కొన్నేళ్ళు ఆగుతాడు. కానీ ఆ ఏళ్ళలో చెట్టు పెరగడం అతనికి కనబడుతుంది, పాదు తవ్వుతాడు, నీళ్ళు పోస్తాడు. ఎండిపోయిన కట్టె ముందు అన్నేళ్ళు కూర్చోడు. కుల ధ్రువపత్రం కోసం అర్జీ పెట్టిన తల్లికి మూడేళ్ళుగా "రేపు రామ్మా" అనే మాట తప్ప ఇంకేమీ రాలేదంటే అక్కడ ఏదీ కదలడం లేదు. అక్కడ పట్టాల్సింది ఓపిక కాదు, రసీదు. అర్జీ ఇచ్చిన తేదీ, తీసుకున్నవాళ్ళ సంతకం, నకలు. 2005 సమాచార హక్కు చట్టం కింద మామూలుగా 30 రోజుల్లో జవాబు చెప్పాలని రాసి ఉంది. అంటే ఎంతకాలం ఆగాలో చట్టమే ఒక గడువు పెట్టింది. ఆ గడువు దాటాక కూడా ఊరుకుంటే అది మంచితనం అనిపించుకోదు.

కూలి అడ్వాన్సుల సంగతీ అంతే. జామాయిల్ కొట్టడానికో బొగ్గుల బట్టీకో ముందుగా డబ్బులిచ్చి, ఆ బాకీ ఎప్పటికీ తీరకుండా లెక్క రాసేవాళ్ళు ఉన్నారు. పిల్లలతో సహా కుటుంబం కదిలిపోతుంది, బడి రిజిస్టరులో పిల్ల పేరు పక్కన గైర్హాజరీ పడుతుంది. 1976లోనే వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం వచ్చింది. మనిషిని వెట్టికి కట్టేసిన అప్పును తీర్చాల్సిన పని లేదని ఆ చట్టం చెప్పింది. "ఈ ఒక్క సీజను ఓపిక పట్టండి, బాకీ తీరిపోద్ది" అని మేస్త్రీ ఏటా అంటుంటే, పై ప్రశ్నలు వేసి చూడండి. ఏదీ కదలదు, చెప్పేవాడు ఏమీ పెట్టడు, తేదీ ఉండదు. జవాబు మీకే తెలుస్తుంది.

అలాగని ప్రతిదానికీ తొందరపడమని మేము చెప్పడం లేదు. ఫోనులో వేలు తాకితే వచ్చేవాటికి అలవాటు పడిన వయసు మీది. ఒకసారి చదివితే అర్థం కాని పాఠాన్ని మూసేయడం, ఒక పరీక్ష పోతే దారి మార్చేయడం మీలో చూస్తున్నాం. లెక్కలు రావాలంటే లెక్కలు చేయాలి, దానికి అడ్డదారి లేదు. ఇంగ్లీషు రావాలంటే తప్పులతోనే మాట్లాడాలి, నవ్వినా మాట్లాడాలి. పదో తరగతి తప్పితే ఆ వేసవిలోనే సప్లిమెంటరీ పరీక్ష ఉంది, అదీ పోతే ఓపెన్ స్కూల్ ఉంది. బొక్కకు ఎన్ని దారులున్నాయో మీ తాత చూసుకున్నట్టు మీరూ చూసుకోండి. అడవిలో మందు వేరు కోసం పోయిన అవ్వ మొదటి చెట్టు దగ్గర దొరకలేదని తిరిగి రాలేదు. ఆ గుణం మీ నెత్తురులో ఉందని మేము చెప్పం, నెత్తురులో ఏ గుణమూ ఉండదు. ఆమె పక్కన నడిచి నేర్చుకున్నవాళ్ళకు అది వచ్చింది. మీరూ నేర్చుకుంటే వస్తుంది.

చివరగా తోటి ఉపాధ్యాయులకు ఒక మాట. పిల్లల ఓపిక గురించి మాట్లాడే ముందు మన ఓపిక లెక్క చూసుకుందాం. నెలల తరబడి వలసపోయి వచ్చిన పిల్లాడికి తరగతి ఎంత ముందుకు పోయిందో చెప్పి భయపెట్టడం తేలిక. వాడు వదిలేసిన చోట నుంచి రోజూ ఓ అరగంట కూర్చోబెట్టి చెప్పడం కష్టం. అక్కడే మన ఓపిక తెలుస్తుంది. పిల్ల తప్పినప్పుడు ధావన్ గారిలా ముందుకొచ్చి "ఈసారి లోటు మాది" అని తల్లిదండ్రులకు చెప్పగలమా? పాసైనప్పుడు ఆ పిల్లనే ముందు నిలబెట్టగలమా? మనం అది చేసిన రోజు గోడ మీది సూక్తికి కొంత అర్థం వస్తుంది.

జూన్‌లో బడులు తెరిచినప్పుడు ప్రతి ఉపాధ్యాయుడూ పోయిన ఏడాది రిజిస్టరు ఒకసారి తెరవాలి. మధ్యలో ఆగిపోయిన పేర్లు ఒక కాగితం మీద రాసుకోవాలి. చదువుకున్న యువకులు ఇద్దరు ముగ్గురు కలిసి ఆ కాగితంతో కాలనీలో ఇల్లిల్లూ తిరగాలి. మొదటి రోజు సగం ఇళ్ళకు తాళాలుంటాయి. రెండో వారం మళ్ళీ పోవాలి.